ఒఫ్ఫా నాణెం
ఈరోజు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఎనిమిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని మెర్సియా రాజ్యాన్నేలిన రాజు ఒఫ్ఫా వేయించిన బంగారు నాణెం చూశాను. అరబ్బుల ఖలీఫా అల్-మన్సూర్ దీనారుకు నకలైన దానిపై అరబ్బీ అక్షరాల నడుమ రాజు పేరు లాటిన్‌లో తలకిందులుగా ఉంది. చెక్కినవాడికి అరబ్బీ రాదని ఇట్టే తెలిసిపోతుంది.

ఈ ఒఫ్ఫాయే, ఇప్పటి ఫ్రాన్స్, జర్మనీ ప్రాంతాలనేలిన ఫ్రాంకుల రాజు షార్లమేన్ తన కొడుక్కి పిల్లనడిగితే, నీ కూతురు బెర్తాను మా అబ్బాయికిస్తేనే అని కుండమార్పిడి షరతు పెట్టాడు. షార్లమేన్ మండిపడి ఇంగ్లీషు వర్తకులకు రేవులు మూయించాడు. వియ్యం కుదరకపోయినా అవసరాలు ఆగవు కదా: 796 నాటి లేఖలో అతడే ఒఫ్ఫాను సోదరుడని సంబోధించి, అక్కడి నుంచి వచ్చే పైవస్త్రాలు మునుపటి పొడవుకే ఉండాలని కోరాడు, యాత్రికుల్లో కలిసిపోయి సుంకం ఎగ్గొట్టే వర్తకుల సంగతీ ప్రస్తావించాడు.