వరద తీసిన తర్వాత

పొద్దున్నే ఎండ కాసింది. ఇన్ని రోజుల ముసురు తర్వాత ఎండ కనిపిస్తే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. బురద ఎత్తేవాళ్లకు మాత్రం అదో టెన్షన్. తడిగా ఉన్నంతసేపూ ఒండ్రు పారకు సులువుగానే వస్తుంది. ఎండిందంటే నేలకు కరుచుకుపోయి ఒక పట్టాన వదలదు. అందుకే మా వాలంటీర్ల జట్టంతా తెల్లవారకముందే బయల్దేరాం.

ఈ రోజు మా వంతుకు వచ్చిన ఇల్లు వీధి చివరిది. గోడ మీద నీళ్లు నిలిచిన గీత నా భుజం దాకా ఉంది. ఎలక్ట్రీషియన్ వచ్చి మెయిన్ ఆపేసి ఉందని చూసి చెప్పాకే లోపల అడుగు పెట్టాం. తడిసిన బోర్డులో కరెంటు ఉందో లేదో పైకి తెలియదు, నీళ్లలో నిలబడి స్విచ్ మీద చెయ్యి వేయడం కంటే తెలివితక్కువ పని ఇంకోటి లేదు. ఏ సామానూ కదపకముందే గది గదికీ ఫొటోలు తీశాం, గోడ మీది గీతతో సహా. ఆత్రంలో ముందు అంతా కడిగేసి, తర్వాత నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లకు చూపించడానికి ఏమీ మిగలక తెల్లమొహం వేసిన ఇళ్లు ఈ వీధిలోనే ఉన్నాయి.

వెనక గదిలో మొదలుపెట్టి వీధి గుమ్మం వైపు బురద లాక్కుంటూ వచ్చాం. బీరువా కిందా, మంచం కిందా చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టి చూడాలి. వరదకు కొట్టుకొచ్చిన పాములు అలాంటి చోటే దాక్కుంటాయి. ఈ రోజు పాము కనపడలేదు, ఒక కప్ప మాత్రం మా అందరినీ గెంతించింది.

ఆ ఇంటి పిన్నిగారు పరుపు పారేయడానికి ఒప్పుకోలేదు. "ఎండలో వేస్తే ఆరిపోతుందమ్మా, మొన్ననే కొన్నాం" అంటారు. మురుగు కలిసిన నీళ్లు దూది లోపలికంటా పీల్చుకున్నాక పైన ఆరినా లోపల ఆరదు. తడిసినవి ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది. ఇదంతా నాకు తెలుసు, ఆవిడకు చెప్పాను కూడా. అయినా వెంటనే లాగి బయట పడేయలేదు. ఇంట్లో సగం సామాను నీళ్లు పట్టుకుపోయాయి, మిగిలిన సగం మేం పట్టుకుపోతే ఎలా? గుమ్మం పక్కన పెట్టి, సాయంత్రం దాకా చూద్దాం అన్నాం. మధ్యాహ్నానికి ఆ వాసన భరించలేక ఆవిడే తీసుకెళ్లమన్నారు.

బురద పోయాక కడగడం దగ్గర ఒక కుర్రాడు మంచి ఉత్సాహంలో బ్లీచింగ్ కలిపిన బకెట్‌లోనే బాత్రూం యాసిడ్ కూడా పోయబోయాడు. రెండూ కలిస్తే ఇంకా బాగా వదులుతుందనుకున్నాడట. మా జట్టులో పెద్దాయన అరిచిన అరుపుకు వీధి మొత్తం తిరిగి చూసింది. బ్లీచింగ్, యాసిడ్ కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాస్. మూసి ఉన్న గదిలో అది పీలిస్తే ఊపిరి ఆడదు. పాపం, ఆ కుర్రాడు తర్వాత చాలాసేపు బకెట్‌కు ఆమడ దూరంలో తిరిగాడు.

మధ్యాహ్నం, సాయంగా వచ్చిన బట్టల దగ్గర డ్యూటీ. ఈ పని నాకు ససేమిరా నచ్చదు. హాలు నిండా మూటలు. విప్పితే చిరిగినవి, ఉతకనివి, ఒంటి చెప్పులు. ఇచ్చినవాళ్ల మనసు మంచిదే కావచ్చు, కానీ వాటిని ఏరడానికి కూర్చున్న ప్రతి మనిషీ ఒక ఇంట్లో చీపురు పట్టాల్సిన మనిషే. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో ఇలా వచ్చిన పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండటం పత్రికల్లో చూశాం. ఇన్నేళ్లయినా మనం మారలేదు. 2012లో న్యూయార్క్ వైపు శాండీ తుపాను వచ్చినప్పుడు అక్కడి వాలంటీర్లు ఒక ఉపాయం చేశారు. పెళ్లిళ్లకు కావలసిన కానుకల జాబితా పెట్టుకునే ఆన్‌లైన్ సదుపాయాన్ని వాడుకుని పంపులు, శుభ్రం చేసే సామాను లాంటివి అందులో రాసిపెట్టారు. ఇచ్చేవాళ్లు ఆ జాబితాలోంచే కొని పంపారు. మేం అంత చేయలేదు గానీ గేటు దగ్గర బోర్డు రాసిపెట్టాం: వైపర్లు, గంబూట్లు, రబ్బరు గ్లవ్స్, శానిటరీ ప్యాడ్లు కావాలి, పాత బట్టలు ఇక వద్దు. "ఇస్తుంటే వద్దంటారా" అని ఒకాయన కోప్పడి వెళ్లిపోయాడు. వెళ్తే వెళ్లనీ.

తర్వాత మళ్లీ అదే ఇంటికి. పిన్నిగారు ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి నా చేతిలో పెట్టారు. ఇంటి కాగితాలు, ఫొటోలు, అన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. రోజంతా చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఇదే. అంటుకున్న ఫొటోలను గుంజకూడదు, బొమ్మ ఊడొచ్చేస్తుంది. చల్లటి మంచినీళ్లలో నాననిస్తే చాలావరకు వాటంతటవే విడతాయి. బొమ్మ ఉన్న వైపు వేలు తగలకుండా నీడన, గాలి తగిలే చోట ఆరబెట్టాలి. కాగితాల మధ్య తెల్ల కాగితాలు పెట్టి మారుస్తూ ఉండాలి. ఒక్క రోజులో తెమలదనిపిస్తే కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచినా బూజు పట్టకుండా ఆగుతాయి, తీరిగ్గా తర్వాత చూసుకోవచ్చు. 2011 సునామీ తర్వాత జపాన్‌లో బురదలో దొరికిన ఫొటోలను వాలంటీర్లు లక్షల సంఖ్యలో కడిగి, ఎవరివి వాళ్లకు చేర్చే ప్రయత్నం చేశారు. 1966లో ఇటలీలో ఆర్నో నది పొంగి ఫ్లోరెన్స్ మునిగినప్పుడు ఎక్కడెక్కడినుంచో వచ్చిన కుర్రకారు వరసగా నిలబడి లైబ్రరీ పుస్తకాలను చేతులు మారుస్తూ బయటికి తెచ్చారు. వాళ్లను 'బురద దేవదూతలు' అన్నారట. మమ్మల్ని ఇక్కడ ఎవరూ అలా అనలేదు, "ఆ బూట్లతో లోపలికి రాకండి" అని మాత్రం అన్నారు.

పిన్నిగారి పెళ్లి ఫొటో ఒక మూల చెరిగిపోయింది. మొహాలు బాగానే ఉన్నాయి. ఆవిడ దాన్ని చూసి "ఈయన అప్పుడు కూడా నవ్వలేదు చూడు" అన్నారు. ఆయన పక్కనే గోడ గోకుతున్నారు, ఈసారీ నవ్వలేదు.

గోడలకు ఎప్పుడు రంగు వేయించుకోవచ్చని ఆయన అడిగారు. తొందరపడొద్దన్నాం. పైకి ఆరినట్టు కనిపించినా లోపలి చెమ్మ పోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈలోగా రంగు వేస్తే పొక్కి పెచ్చులు లేస్తుంది.

సాయంత్రం వైద్య శిబిరం వాళ్లు మా జట్టు కాళ్లు చూశారు. వరద నీళ్లలో ఎలకల మూత్రం కలిసి ఉంటుంది, చిన్న గాయమున్నా లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు. 2018లో కేరళ వరదల తర్వాత ఆ జ్వరం చాలామందికి వచ్చింది. శుభ్రం చేసేవాళ్లకు అక్కడ ముందుజాగ్రత్తగా వారానికోసారి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. ఎవరికి ఇవ్వచ్చో, ఎవరికి వద్దో డాక్టరే చెప్పాలి. నా మడమ మీది గీరుడు చూసి డాక్టరుగారు బాగానే చీవాట్లు పెట్టారు.

అదే కేరళలో పడవలేసుకొచ్చి జనాన్ని కాపాడిన మత్స్యకారులను దేశమంతా మెచ్చుకుంది, మెచ్చుకోవాల్సిందే. అయితే పడవలు వెళ్లిపోయాక ఉండే పనికి ఫొటో రాదు. ఇక్కడ కూడా మొదట్లో నిలబడటానికి చోటు లేనంతమంది వచ్చారు. ఇప్పుడు పారలు మిగిలిపోతున్నాయి, పట్టేవాళ్లు లేరు. ఇంకా తలుపు తెరవని ఇళ్లు ఈ వీధిలోనే బోలెడు.

రాత్రి ఫ్రెండ్ మెసేజ్ పెట్టింది: "వరద తగ్గిపోయిందిగా, ఇంకా అక్కడేం చేస్తున్నావే?" తగ్గింది కాబట్టే ఉన్నాను అని రాశాను. ఆదివారం పాత బట్టలేసుకుని, తనకు సరిపడా గంబూట్లు తెచ్చుకుని రమ్మన్నాను. ఇంకా జవాబు రాలేదు. రేపు ఫోనే చేస్తాను.