డీపీ-300 రాసేవాళ్లకు: ట్రాన్సాక్షన్ లాగ్‌ను ఒకసారి నింపి చూడండి

మైక్రోసాఫ్ట్ అజూర్ డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ పరీక్ష డీపీ-300లో సెక్యూరిటీ, హై అవైలబిలిటీ లాంటివాటికి నోట్స్ ఎక్కడైనా దొరుకుతాయి. ట్రాన్సాక్షన్ లాగ్ (డేటాబేస్‌లో జరిగే మార్పులను రాసిపెట్టే ఫైల్) మాత్రం చదివితే వచ్చే టాపిక్ కాదు. నాకైతే చేసి చూశాకే అర్థమైంది.

మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డెవలపర్ ఎడిషన్ ఉచితమే. డేటాబేస్‌ను సింపుల్ రికవరీ మోడల్‌లో (రికవరీ మోడల్ అంటే లాగ్‌ను ఎప్పటిదాకా ఉంచాలో చెప్పే సెట్టింగ్) పెట్టి, లాగ్ ఫైల్ 50 ఎంబీ దాటకుండా కట్టడి చేయండి. పది లక్షల వరుసల టేబుల్‌ను కొంచెం కొంచెంగా నింపండి. తర్వాత టేబుల్ మొత్తాన్ని ఒకే అప్‌డేట్‌తో మార్చబోతే లాగ్ నిండిపోయిందని 9002 ఎర్రర్ వస్తుంది. సింపుల్‌లో కూడానా? అవును. సింపుల్ అంటే లాగ్ రాయకపోవడం కాదు, ముగిసిన ట్రాన్సాక్షన్ల చోటును చెక్‌పాయింట్ (మార్పులను డేటా ఫైల్‌లోకి రాసే పని) తర్వాత మళ్లీ వాడుకోవడం. నడుస్తున్న అప్‌డేట్ రోల్‌బ్యాక్ కావచ్చు, అంటే మార్పులను వెనక్కి తిప్పాల్సి రావచ్చు కాబట్టి దాని రికార్డులు అలాగే ఉండాలి. బల్క్ లాగ్డ్ మోడల్ కూడా ఇక్కడ ఆదుకోదు. ఇండెక్స్ రీబిల్డ్, బల్క్ ఇన్సర్ట్ లాంటివాటికే అది లాగ్ తగ్గిస్తుంది.

ఇప్పుడు అదే పనిని అప్‌డేట్ టాప్‌తో (ఒకసారికి ఎన్ని వరుసలో చెప్పే కమాండ్) నాలుగేసి వేల వరుసలుగా లూప్‌లో చేయండి, హాయిగా అయిపోతుంది. నాలుగు వేలే ఎందుకంటే, ఒక స్టేట్‌మెంట్ సుమారు 5,000 లాక్‌లకు (మారుతున్న వరుసలను ఇతరులు ముట్టకుండా వేసే తాళాలు) చేరితే సర్వర్ మొత్తం టేబుల్‌ను లాక్ చేయడానికి చూస్తుంది. మార్చిన వరుసలు మళ్లీ రాకుండా వేర్ కండిషన్ ఉండాలి. లూప్ చుట్టూ బిగిన్ ట్రాన్ (ట్రాన్సాక్షన్ మొదలుపెట్టే కమాండ్) పెడితే మాత్రం ఈ ముక్కలన్నీ మళ్లీ ఒకే ట్రాన్సాక్షన్. ప్రాక్టీస్ టెస్టుల్లో ఇది కనబడితే జాగ్రత్త.

తర్వాత ఫుల్ మోడల్‌కి మార్చి, ఒక ఫుల్ బ్యాకప్ తీసి, అదే లూప్ నడపండి. ఆ బ్యాకప్ తీయకపోతే డేటాబేస్ పేరుకే ఫుల్, నడిచేది సింపుల్‌లాగే. ఈసారి ముక్కలుగా చేసినా లాగ్ నిండుతుంది, మధ్యమధ్యలో లాగ్ బ్యాకప్ తీస్తేనే చోటు వస్తుంది. 9002 మెసేజ్ చివర కారణం ఉంటుంది: మొదటిసారి యాక్టివ్ ట్రాన్సాక్షన్, ఇప్పుడు లాగ్ బ్యాకప్. మొదటి కారణం ఉన్న ప్రశ్నలో లాగ్ బ్యాకప్ తీయమనే ఆప్షన్ ఎంత ఊరించినా టిక్ పెట్టకండి.

లోపల చోటు ఖాళీ అయినా డిస్క్ మీద ఫైల్ సైజు తగ్గదు, దానికి ష్రింక్ వేరే చేయాలి. 2019 వెర్షన్‌తో వచ్చిన యాక్సిలరేటెడ్ డేటాబేస్ రికవరీ ఆన్‌లో ఉంటే, పెద్ద ట్రాన్సాక్షన్ నడుస్తున్నా లాగ్‌ను ఖాళీ చేయగలదు. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సర్వీస్ అజూర్ ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి, ప్రశ్న ఏ సర్వీస్ గురించో ముందు చూసుకోండి.