గర్భసంచిలో మూడు సెంటీమీటర్ల గడ్డ

ఆ రాత్రి రెండున్నరకి బాత్రూమ్ గుమ్మం దగ్గర కూలబడ్డాను. చెవుల్లో నా గుండె చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. పదకొండింటి నుంచి గంటకో పెద్ద ప్యాడ్ తడిసింది, ఒంటిగంట దాటాక అరగంటకే. నిమ్మకాయంత రక్తపు గడ్డలు రెండుసార్లు పడ్డాయి. అయినా "తెల్లారాక వెళ్దాంలెండి" అన్నాను మా ఆయనతో. మా అత్తయ్య నా కింది రెప్ప లాగి చూసి, "తెల్లారేదాకా ఆగితే ఈ పిల్ల మనకి దక్కదురా" అని కొడుకుని కసిరి 108కి ఫోన్ చేయించింది. చాప మీద పడుకోబెట్టి కాళ్ల కింద రెండు దిండ్లు పెట్టింది. తడిసిన ప్యాడ్లన్నీ కవర్లో వేసి ఆస్పత్రికి పట్టుకొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. క్యాజువాలిటీలో నర్సమ్మ అడిగిన మొదటి ప్రశ్న "ఎన్ని ప్యాడ్లమ్మా?" అత్తయ్య కవరు చూపించింది. హిమోగ్లోబిన్ 5.8 ఉంది.

అందుకే ముందు ఇది రాస్తున్నాను. వరసగా రెండు గంటలు, గంటకో పెద్ద ప్యాడ్ పూర్తిగా తడిస్తే అది మామూలు నెలసరి కాదు. దానికి తోడు కళ్లు తిరిగినా, గుండె దడదడలాడినా ఇక ఆగొద్దు. బండి మీద వెనక కూర్చుని వెళ్లొద్దు, పడిపోతారు. బ్లడ్ గ్రూపు ఇంట్లో వాళ్లందరికీ తెలిసుండాలి.

గర్భసంచిలో గడ్డలు (ఫైబ్రాయిడ్లు) ఉన్నాయని అంతకు ఏడాదిన్నర ముందే తెలుసు. స్కానింగ్‌లో రెండు కనపడ్డాయి, 6 సెంటీమీటర్లది ఒకటి, 3 సెంటీమీటర్లది ఒకటి. అప్పుడు చూపించుకున్న డాక్టరు రిపోర్టు తిప్పి కూడా చూడకుండా, "ఇద్దరు పిల్లలు పుట్టేశారుగా, ఇంకా ఆ సంచితో పనేముందమ్మా? తీయించేసుకో. రేపు క్యాన్సరైతే బాధ్యత ఎవరిది?" అన్నారు. రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆ మాట మీద కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఆ భయంతోనే నేను ఆస్పత్రి మొహం చూడకుండా కషాయాల వెంట పడ్డాను.

ఫైబ్రాయిడ్ అంటే గర్భసంచి కండరంలోంచే పెరిగే గడ్డ. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు దాన్ని పెంచుతాయి, ముట్లుడిగాక అది మెల్లగా ముడుచుకుంటుంది. చాలా మట్టుకు క్యాన్సర్ కాదు. గడ్డలని ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో సుమారు 350 మందిలో ఒకరికి, బయటపడకుండా దాగిన సార్కోమా అనే క్యాన్సర్ ఉండొచ్చని 2014లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లెక్క వేసింది. గడ్డల్ని లోపలే ముక్కలు చేసే మోర్సిలేటర్ పరికరం మీద హెచ్చరిక ఇచ్చింది అందుకే. ముట్లు పూర్తిగా ఆగిపోయాక కూడా గడ్డ పెరుగుతుంటే మాత్రం అశ్రద్ధ చెయ్యకూడదు. 45 దాటాక బ్లీడింగ్ తీరు మారితే సంచి లోపలి పొర ముక్క తీసి పరీక్షకి పంపాలి. ఈ సంగతులు చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. ఆ అయిదు నిమిషాలు దొరకనందుకే మన దగ్గర ఇన్ని ఆపరేషన్లు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ 8 శాతం పైనే. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలు అమలు చెయ్యమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పాల్సి వచ్చింది.

రెండో ఆస్పత్రిలో పెద్ద డాక్టరమ్మ మందుల చీటీ వెనక గర్భసంచి బొమ్మ గీసింది. ఆ చీటీ ఇంకా నా పర్సులోనే ఉంది. "నీకు భయం పుట్టించింది ఈ 6 సెంటీమీటర్లది కదా? ఇది బయటి గోడ మీద ఉంది, దీని వల్ల నీకు రక్తం పోదు. నిన్ను పడేసింది ఈ చిన్నది" అంది. చిన్నది సంచి లోపలి ఖాళీలోకి తోసుకొచ్చింది. అలాంటి గడ్డ లోపలి పొరని సాగదీస్తుంది, నెలసరిలో కండరం బిగుసుకుని రక్తనాళాల్ని నొక్కి మూయనివ్వదు. గోడ మందంలో ఉండే గడ్డలు మధ్య రకం, పెద్దవైతే బ్లీడింగ్ పెంచుతాయి. బయటివి మూత్రాశయం మీదో పేగు మీదో ఒత్తుతాయి. అందుకని రిపోర్టులో సైజు కంటే ముందు సబ్‌మ్యూకోసలా (లోపలికి తోసుకొచ్చిందా), ఇంట్రామ్యూరలా (గోడ మందంలో ఉందా), సబ్‌సీరోసలా (బయటి గోడ మీద ఉందా) అన్నది వెతకండి. అది రాయకపోతే స్కాన్ చేసిన చోటే అడిగి రాయించుకోండి.

ఇక ఆ ఏడాదిన్నర. అశోకారిష్టం, కాంచనార గుగ్గులు, ఆముదం పట్టీలు, ఎవరో పంపిన పొడి. అశోకారిష్టం ఆయుర్వేదంలో తరాలుగా వాడుతున్న మందే, నెలసరి నొప్పికి కొందరికి నచ్చుతుంది. అది గడ్డని కరిగిస్తుందని మాత్రం గట్టిగా తేల్చిన పరీక్ష లేదు. పులియబెట్టిన మందు కాబట్టి 5 నుంచి 10 శాతం దాకా ఆల్కహాల్ ఉంటుంది, లివర్ జబ్బున్నవాళ్లు అది గుర్తుపెట్టుకోవాలి. ఇంకో సంగతి. మన వీధుల్లో నిటారుగా పెరిగే, అందరూ అశోకచెట్టనే చెట్టు అసలు అశోకం కాదు, నరమామిడి. దాని బెరడే కల్తీగా అమ్ముడవుతుంది. ఎవరో పెరట్లోంచి చెక్కిచ్చిన బెరడు నేను రెండు నెలలు కాచుకుని తాగాను.

"6 ఉన్నది 5.7కి వచ్చింది చూశారా" అని మందు పంపినాయన ఫోన్లో చెప్పినప్పుడు సంబరపడిపోయాను కూడా. వేరే చేయి, వేరే మిషను అయితే కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ రావడం మామూలే. నిజంగా పెరిగితే తెలిసే లెక్క వేరు. 4 సెంటీమీటర్ల గడ్డ 5 అయిందంటే ఘనపరిమాణం దాదాపు రెట్టింపైనట్టు.

గ్రీన్ టీ సారం మీద 2013లో చిన్న పరీక్ష ఒకటి వచ్చింది. రోజుకి 800 మిల్లీగ్రాములు 4 నెలలు తీసుకున్నవాళ్లలో గడ్డలు మూడో వంతు దాకా తగ్గాయి. పూర్తి చేసినవాళ్లు 33 మందే. ఎక్కువ మోతాదు సారం లివర్‌ని దెబ్బతీయొచ్చు, పైగా టీ ఏదైనా ఆహారంలో ఇనుముని ఒంటికి పట్టనివ్వదు. రక్తం పోతున్న మనిషికి అది రెండు వైపులా నష్టం. విటమిన్ డి తక్కువుంటే సరిచేసుకోవడం మంచిదే, బరువు తగ్గడం మంచిదే, నడక మంచిదే. ఇవేవీ లోపలికి పొడుచుకొచ్చిన గడ్డని బయటికి నెట్టవు. సహజ పద్ధతుల మీద నాకు కోపం లేదు. అవి వాడుతున్నంత కాలం నెలకోసారి హిమోగ్లోబిన్ చూపించుకొమ్మని ఒక్కరూ చెప్పలేదు, నా కోపం దాని మీద. అప్పటికే పచ్చి బియ్యం నములుతున్నాను, ఫ్రిజ్‌లో ఐసు గీకి తింటున్నాను. అవి ఇనుము లోపానికి గుర్తులని ఎవరికీ తట్టలేదు.

ఆ రాత్రి రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. ఒక్కో యూనిట్‌కి సుమారు 1 గ్రాము హిమోగ్లోబిన్ పెరుగుతుంది. బ్లీడింగ్ ఆపడానికి ట్రానెక్సామిక్ యాసిడ్, నోర్‌ఎథిస్టెరాన్ అనే హార్మోన్ మందు ఇచ్చారు. మొదటిది 500 మిల్లీగ్రాముల బిళ్లలు రెండేసి రోజుకి మూడుసార్లు, నాలుగు రోజులు, ఎర్రబట్ట కనపడ్డ రోజు నుంచే. చాలామంది బాగా ఎక్కువైనప్పుడు ఒకటి మింగి పనిచెయ్యలేదంటారు, మోతాదు అది కాదు. కాళ్లలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే అది వాడకూడదు. నోర్‌ఎథిస్టెరాన్ మానేసిన రెండు మూడు రోజులకి మళ్లీ బ్లీడింగ్ వస్తుంది. ఆ సంగతి ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు.

తర్వాత ఇనుము. లెక్క నా కళ్ల ముందే వేశారు: 55 కిలోల బరువుని, చేరాల్సిన 15లోంచి ఉన్న హిమోగ్లోబిన్ 8 తీసేస్తే వచ్చే 7తో, మళ్లీ 2.4తో గుణించి, నిల్వ కోసం 500 కలిపితే 1424 మిల్లీగ్రాములు. అందుకని ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఇనుము మందు ఒకసారి 1000, వారం ఆగి 500, సెలైన్‌లో పావుగంట చొప్పున. బిళ్లలైతే పరగడుపున నిమ్మరసంతో, రోజు విడిచి రోజు వేసుకుంటే కడుపు తక్కువ ఇబ్బంది పెడుతుంది. క్యాల్షియం బిళ్లతో, పాలతో, టీతో కలపొద్దు. మునగాకు, తోటకూర తినండి గానీ 6లో ఉన్న హిమోగ్లోబిన్‌ని ఆకుకూర లేపలేదు.

ఆపరేషన్‌కి కోత లేదు. కింది దారిన కెమెరా గొట్టం పంపి, లోపలికి వచ్చిన గడ్డని తీగతో చెక్కేశారు. లోపలికి ఎక్కించిన సెలైన్‌కీ బయటికొచ్చిన దానికీ తేడా రెండున్నర లీటర్లకి చేరితే ఆపెయ్యాలి, లేకపోతే నీరు ఒంట్లోకి ఎక్కి ఊపిరి ఆడదు. గడ్డలో సగానికి పైగా గోడలో పాతుకుని ఉంటే అందుకే ఒక్కోసారి రెండో విడత పడుతుంది. నాది సగానికి పైగా లోపలికే ఉండబట్టి ఒక్కసారితో తేలిపోయింది. ముక్కలు బయాప్సీకి పంపారు, మామూలు ఫైబ్రాయిడే.

అందరికీ ఇదే దారి కాదు. గోడలో గడ్డలుండి బ్లీడింగ్ ఎక్కువైతే 52 మిల్లీగ్రాముల హార్మోన్ లూప్ ఉంది, సంచి లోపలి ఆకారం మారిపోతే జారిపోవచ్చు. ల్యుప్రోలైడ్ ఇంజెక్షన్ గడ్డని కుదిస్తుంది, ఆపగానే మళ్లీ పెరుగుతుంది, ఎక్కువ కాలం వాడితే ఎముకలు బలహీనపడతాయి. ఎంబొలైజేషన్‌లో మణికట్టు నుంచో గజ్జ నుంచో సన్నని గొట్టం పంపి గడ్డకి వెళ్లే రక్తం ఆపుతారు. 1995 నుంచి ఉన్న పద్ధతి ఇది, మొదటి రాత్రి నొప్పి బాగా ఉంటుంది, ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లకి సాధారణంగా ముందు ఇది చెప్పరు. గర్భసంచి తీయించుకోవడం తప్పని నేను అనను, మా పెద్దాడపడుచు తీయించుకుని హాయిగా ఉంది. తీయించుకునేవాళ్లు అండాశయాలు ఉంచుతారా, ఎందుకు తీస్తారు అని సంతకానికి ముందే అడగండి.

కనకదుర్గమ్మ కొండ మెట్ల దారిన ఎక్కిస్తానని అత్తయ్య ఆ రాత్రి అంబులెన్స్‌లోనే మొక్కుకుందట. హిమోగ్లోబిన్ 12.1 వచ్చాక ఇద్దరం ఎక్కాం. మధ్యలో మూడుసార్లు ఆగింది ఆవిడే. అమ్మవారే ఆవిడ చేత ఆ ఫోన్ చేయించిందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ప్యాడ్లు లెక్కపెట్టిన నర్సమ్మ పేరు అడగలేదు, అది నాలో ఇంకా గుచ్చుకుంటోంది.

6 సెంటీమీటర్లది అలాగే ఉంది. ఏడాదికోసారి ఒకే చోట స్కాన్. మూత్రం ఆగినట్టనిపించినా, బ్లీడింగ్ మళ్లీ మొదలైనా ముందే వెళ్తాను. ఇప్పుడు నెలకి నాలుగు రోజులు, పోయిన నెల మొత్తం పదకొండు ప్యాడ్లు. వంటింటి క్యాలెండర్ మీద ఆ లెక్క ఇంకా రాస్తూనే ఉన్నాను.