పేజీ కడుపులో జవాబులు

ఈ రోజు ల్యాబు పీరియడులో తొమ్మిదో తరగతి వారికి చలనం పాఠం మీద పది ప్రశ్నల క్విజ్ పెట్టాను. అక్కడి ఇంటర్నెట్‌ను నమ్ముకోలేక, వెబ్ పేజీని నేనే తయారుచేసి పెన్ డ్రైవుతో ఒక్కొక్క కంప్యూటరులోనూ వేశాను. పోయిన నెల జవాబులను స్క్రిప్టులో ఎ, బి, సి, డి అని ఉన్నదున్నట్టే రాసి పెట్టగా, కంట్రోల్, యు మీటలు కలిపి నొక్కితే పేజీ కడుపులోది బయటపడుతుందని తెలిసిన ఒక్క కుర్రవాడి పుణ్యమా అని వరుస మొత్తానికి పదికి పది వచ్చాయి. అందుకని ఈసారి వాటిని బేస్64లోకి, అంటే అక్షరాలను వేరే గుర్తుల్లో రాసే ఒక పద్ధతిలోకి మార్చాను. అందులో బి అక్షరం పెద్ద క్యూ, చిన్న జి, వాటి వెనుక రెండు సమాన గుర్తులుగా కనిపిస్తుంది. రాత్రి దాన్ని చూసుకుని కాస్త మురిసిపోయిన మాట వాస్తవం.

గంట కొట్టాక అదే కుర్రవాడు నా బల్ల దగ్గరికి వచ్చి, "సార్, ఏడోదానికి మీ పేజీలో జవాబు తప్పుందండి" అన్నాడు. నీకెలా తెలిసిందిరా అని అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు. బేస్64 అనే పేరైనా అతడు వినలేదు. మొదటి ప్రశ్నలు కొన్ని సొంతంగా చేసి, ఏ ఆప్షనుకు ఏ గుర్తులు పడ్డాయో చూసుకున్నాడు. పది జవాబులకూ కలిపి ఉన్నవి నాలుగే రూపాలు కనుక, మిగిలినవి విప్పనక్కరలేకుండానే తెలిసిపోయాయి. ఏడోది మాత్రం ఎందుకో లెక్క కట్టి చూశాడట. నిశ్చలస్థితి నుంచి 2 మీ/సె² త్వరణంతో బయలుదేరిన బండి 5 సెకన్లలో పోయే దూరం 25 మీటర్లు కాగా, సూత్రంలోని సగాన్ని మరిచి నేను 50 మీటర్లను ఒప్పుగా పెట్టాను. తన లెక్కనే నమ్ముకుని 25 నొక్కినందుకు పేజీ అతనికి తొమ్మిదే ఇచ్చింది. అతని ఫిర్యాదు అదీ.

ఇంటికి వచ్చాక, ఏ జవాబునైనా హ్యాష్ అనే గుర్తుల వరుసగా మార్చే ఎస్‌హెచ్‌ఏ-256 వాడితే ఎలా ఉంటుందని ఆలోచించాను. 64 అంకెలు, అక్షరాల ఆ హ్యాష్‌ను వెనక్కి తిప్పడం కుదరదు గాని, ఉన్నవి నాలుగు ఆప్షన్లే అయినప్పుడు వెనక్కి తిప్పవలసిన పనేముంది, నాలుగింటికీ హ్యాష్ కట్టి పోల్చుకుంటే చాలు. ప్రశ్నకొక సాల్ట్, అంటే హ్యాష్ కట్టే ముందు జవాబుకు చేర్చే అదనపు గుర్తులు కలిపినా, సరిచూడడానికి ఆ సాల్ట్ కూడా అదే పేజీలో ఉండక తప్పదు. ఒప్పో తప్పో పేజీ తానే చెప్పాలంటే జవాబును ఏదో ఒక రూపంలో పిల్లవాడి చేతికి ఇచ్చి తీరాలి. వద్దనుకుంటే జవాబులు సర్వరులో ఉండి, పేజీ అతని ఎంపికను మాత్రమే అక్కడికి పంపాలి. పెన్ డ్రైవు మీద నడిచే మా ల్యాబులో అది జరిగే పని కాదు.

అందుచేత ఇకమీదట ఆ పేజీ సాధనకే, మార్కులు కాగితం పరీక్షకే. బేస్64 తీసేసి, ఏడోదానికి జవాబు దిద్దాను. అతనికి ఆ పదో మార్కు కలపాలా వద్దా అన్నది మాత్రం తేలక, రిజిస్టరులో పెన్సిలుతో రాసి ఉంచాను.