ఉండవల్లి నుంచి ఇంద్రకీలాద్రి దాకా

విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి వైపు మళ్ళితే, పచ్చటి తోటల వెనుక ఇసుకరాతి కొండను తొలిచిన నాలుగంతస్తుల గుహాలయం కనిపిస్తుంది. ఆషాఢమాసంలో, ముసురు పట్టిన ఒక ఉదయం నా ప్రయాణం అక్కడే మొదలైంది. కృష్ణాతీరంలో రాజులు మారారు, మతాలు మారాయి, కరువులూ వలసలూ వచ్చిపోయాయి; ఇవన్నీ సామాన్యుడి మొక్కుబడిలో, దండం పెట్టే తీరులో ఎక్కడెక్కడ నిలిచిపోయాయో తిరిగి చూడాలన్న కోరిక నాకు చాలాకాలంగా ఉంది.

ఉండవల్లి కింది అంతస్తు పూర్తికాలేదు. స్తంభాలు సగం చెక్కి వదిలేసినట్టుండగా, గోడల మీద ఉలి దెబ్బలు చేప పొలుసుల్లా వరుసగా తేలి ఉన్నాయి. చేత్తో తడిమితే ఆ గరుకుదనం ఇప్పటికీ తెలుస్తుంది. పైకి వెళ్తే, ఐదు మీటర్లకు పైబడిన నిడివితో అనంతపద్మనాభుడు శేషుడి మీద పవళించి ఉంటాడు. ఈ గుహలు విష్ణుకుండినుల కాలానివని సాధారణంగా చెబుతారు. గదుల అమరిక బౌద్ధ విహారాలను గుర్తుచేస్తుంది కనుక, మొదట ఇది భిక్షువుల నివాసమై ఉంటుందని భావించేవారు చాలామంది ఉన్నారు. నేను వెళ్ళిన సమయానికి ఒక కుటుంబం స్వామి పాదాల దగ్గర పూలు పెట్టి, అదే భక్తితో బయట వసారాలో కూర్చున్న రాతి మూర్తులకూ దండం పెట్టింది. ఆ మూర్తులు ఎవరివని ఇంటి పెద్దాయనను అడిగితే, "ఎవరైతేనేం బాబూ, ఇంతకాలం కూర్చున్నవాళ్ళు పెద్దలే కదా" అన్నారు. ఈ నేల మీద ఒక నమ్మకం స్థానంలోకి మరొకటి వచ్చినప్పుడు జనం ఎలా సర్దుకున్నారో ఆ మాట విన్నాక నాకు కొంత అర్థమైంది.

కరకట్ట మీదుగా అమరావతి చేరేసరికి ముసురు తెరిపిచ్చింది. ఎక్కువసేపు గడిపింది ఇక్కడే, చెప్పవలసిందీ ఇక్కడి గురించే ఎక్కువ. శాతవాహనుల కాలంలో వైభవం చూసిన మహాచైత్యం అనే బౌద్ధ స్తూపం ఇప్పుడు పచ్చిక మధ్య గుండ్రటి ఇటుక కట్టుబడిగా మాత్రమే మిగిలింది. వ్యాసం దాదాపు 50 మీటర్లు ఉండేదంటారు. దానికి తొడిగిన పల్నాటి సున్నపురాతి పలకల్లో మేలైనవి కొన్ని చెన్నై మ్యూజియంలో ఉంటే, మరికొన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఊళ్ళోని మ్యూజియంలో పూర్ణకుంభం ఉన్న శిల్పం ముందు చాలాసేపు నిలబడ్డాను. కుండ పొట్ట నిండుగా ఉబ్బి ఉంది. మూతిలోంచి తామరలు కొన్ని విచ్చుకుని, కొన్ని మొగ్గలుగా, కాడలు వంపు తిరిగి పైకి లేస్తున్నాయి. మన ఇళ్ళలో పెళ్ళికీ, గృహప్రవేశానికీ, వ్రతానికీ కలశం పెడతాం. ఆంధ్రప్రదేశ్ రాజముద్రలోనూ ఈ అమరావతి పూర్ణకుంభమే ఉంది. బౌద్ధ శిల్పి చెక్కిన మంగళచిహ్నం, పురోహితుడు పెట్టే కలశం, ప్రభుత్వ కాగితం మీది ముద్ర ఒకే వరుసలో కనిపించినప్పుడు, వీటిని వేరువేరు మతాల ఖాతాల్లో రాయడం ఎంత కష్టమో తెలుస్తుంది.

బౌద్ధం ఇక్కడ ఒక్కరోజులో పోలేదు. అమరేశ్వరాలయంలోని ఒక స్తంభం మీద కోట వంశపు కేతరాజు 1182లో వేయించిన శాసనం ఉంది. శివభక్తుడైన ఆ రాజు బుద్ధుడికి కూడా గ్రామాలు, దీపాలు దానమిచ్చినట్టు అందులో ఉంది. శ్రీలంకలోని గడలాదెణియలో ఉన్న 1344 నాటి శాసనం, ధర్మకీర్తి అనే భిక్షువు ధాన్యకటకంలో, అంటే ఈ అమరావతి ప్రాంతంలోనే, బుద్ధ ప్రతిమాగృహాన్ని బాగుచేయించాడని చెబుతుంది. అంటే శివాలయంలో అభిషేకాలు జరుగుతున్న శతాబ్దాల్లోనే, నడిచి వెళ్ళగలిగినంత దూరంలో చైత్యం దగ్గర దీపాలు వెలిగేవి. ఒక మతం మరొక మతాన్ని ఒక్క వేటుతో తరిమేసిందన్న కథ వినడానికి తేలికగా ఉంటుంది కానీ, ఈ రెండు శాసనాలు చదివిన తరువాత నేను దానిని నమ్మలేకపోతున్నాను. దాతలు తగ్గారు, భిక్షువులు తగ్గారు, నూనె పోసే చేయి లేక దీపాలు కొండెక్కాయి. 18వ శతాబ్దం చివరికి ఆ చైత్యం ఏమిటో చెప్పగలిగిన మనిషి ఊళ్ళో మిగల్లేదు; జనానికి అది దీపాలదిన్నె అనే ఒక మట్టి దిబ్బ మాత్రమే.

ఆ దశలో వచ్చినవాడు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. చింతపల్లి నుంచి తన రాజధానిని అమరావతికి మార్చుకున్న ఈ జమీందారు గురించి ఇక్కడి పెద్దలు చెప్పే కథ ఒళ్ళు జలదరింపజేస్తుంది. దోపిడీలు చేస్తున్నారన్న కోపంతో చెంచులను విందుకని పిలిపించి నరికించాడనీ, ఆ తరువాత ఆయన ముందు పెట్టిన అన్నమంతా పురుగులై కనిపించేదనీ, ఆ పాపం కడుక్కోవడానికి అమరేశ్వరుడి పాదాలు పట్టి గుళ్ళు కట్టించాడనీ అంటారు. పురుగుల మాట ఎలా ఉన్నా, చనిపోయిన చెంచుల బాధ ఆ కథలో రెండు వందల ఏళ్ళుగా బతికే ఉంది. దాత కీర్తిని చెప్పే నోళ్ళే ఆయన పాపాన్నీ చెబుతున్నాయి. జనం జ్ఞాపకంలోని ఈ నిజాయితీని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. కొత్త పట్నానికి ఇటుక, రాయి కావలసి వచ్చి దీపాలదిన్నెను తవ్వారు. వార్త విని 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు కాబట్టి ఆ శిల్పాల సంగతి లోకానికి తెలిసింది. ఈలోగా సున్నం కోసం కాల్చేసిన పలకలు కూడా ఉన్నాయి. ఒక మనిషి పశ్చాత్తాపం శైవక్షేత్రానికి కళ తెచ్చిపెట్టింది, ఆ పనిలోనే అంతకంటే పాత క్షేత్రం రూపం కోల్పోయింది. ఇందులో ఎవరినీ తిట్టుకోలేను గానీ, కాలిపోయిన పలకలను తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

గుడిలో అమరేశ్వర లింగం తెల్లగా, ఎంతో ఎత్తుగా ఉంటుంది. అర్చకులు పై అంతస్తు నుంచి అభిషేకం చేస్తారు. లింగం అంతకంతకూ పెరిగిపోతుంటే ఆపడానికి శిరస్సున మేకు కొట్టారనీ, అప్పుడు కారిన నెత్తుటి మరకే పైన ఎర్రగా కనిపిస్తుందనీ స్థలపురాణం. పెద్ద అర్చకులు ఆ కథ చెప్పి, "చూశారా నాయనా, స్వామికి కూడా గాయం తప్పలేదు" అన్నారు. గుడి బయట టీ కొట్టు యజమాని మాత్రం వేరే సంగతి ఎత్తుకున్నాడు. బుద్ధుడు కాలచక్రమనే తాంత్రిక బోధను ధాన్యకటకంలోనే మొదట చేశాడని టిబెట్ సంప్రదాయం నమ్ముతుంది. అందుకే దలైలామా 2006 జనవరిలో ఇక్కడ కాలచక్ర మహోత్సవం జరిపారు. "మా వీధంతా ఎర్రబట్టల స్వాములే సార్. చిన్న పాప ఎదురొచ్చినా తల వంచి నమస్కారం పెట్టేవాళ్ళు" అని అతను గర్వంగా చెప్పాడు. సొంత ఊరివాళ్ళు మరిచిపోయిన క్షేత్రాన్ని హిమాలయాల అవతలి జనం తమ గ్రంథాల్లో దాచుకున్నారు.

మర్నాడు గుణదల కొండ ఎక్కాను. ఫ్రాన్సులోని లూర్దులో 1858 ఫిబ్రవరి 11న బెర్నదెత్ అనే పేదింటి పిల్లకు మేరీమాత కనిపించిందన్న విశ్వాసం ఇటలీ నుంచి వచ్చిన మతగురువుల వెంట బెజవాడ చేరింది. 1924లో ఇక్కడ మాత స్వరూపాన్ని నెలకొల్పారు, ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా తిరునాళ్ళు జరుపుతారు. నేను వెళ్ళింది తిరునాళ్ళ రోజుల్లో కాకపోయినా జనం పలుచగా లేరు. అప్పుడే గుండు చేయించిన చంటివాడి తలకు గంధం రాస్తున్న ఒక తల్లిని పలకరించాను. తెనాలి దగ్గరి పల్లెటూరట. "మా అత్తమ్మ మొక్కుకుంది అన్నయ్యా. బిడ్డ దక్కితే తలనీలాలిస్తానని మేరీమాతకు చెప్పుకుంది" అంది. పక్కన కొబ్బరికాయలు కొడుతున్నారు, కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. లూర్దు యాత్రికులు ఊట నీళ్ళలో స్నానం చేస్తారు, కొవ్వొత్తులతో ఊరేగుతారు; తలనీలాలూ కొబ్బరికాయలూ మాత్రం మన ఊళ్ళ నుంచి కొండెక్కినవే. తెలుగుదేశంలో క్రైస్తవం పల్లెల్లో నాటుకోవడం వెనుక 1876-78 కరువు ఉంది, ఊరి బావి దగ్గరకు రానివ్వని అంటరానితనం ఉంది, అక్షరం నేర్పిన మిషన్ బడులు ఉన్నాయి. అలా కొత్త దేవుణ్ణి నమ్ముకున్నవారు అవమానాన్ని వదిలించుకోవాలనుకున్నారే తప్ప, అమ్మమ్మ నేర్పిన మొక్కుబడిని వదులుకోవాలనుకోలేదు. దాన్ని కల్తీ అనేవాళ్ళతో నేను ఏకీభవించను.

సాయంత్రం ఇంద్రకీలాద్రి దగ్గరకు వచ్చేసరికి డప్పుల మోతతో వీధులు దద్దరిల్లుతున్నాయి. హైదరాబాద్ నుంచి వచ్చిన భక్తులు పోతరాజుల నడుమ, పసుపు రాసి వేపాకులు కట్టిన బంగారు బోనాన్ని తలకెత్తుకుని దుర్గమ్మ గుడి వైపు సాగుతున్నారు. ఆషాఢంలో బెజవాడ ఆడపడుచులు అమ్మవారిని తమ ఇంటి బిడ్డగా భావించి చీర, రవిక, గాజులు, మిఠాయిలతో సారె తెస్తారు. తెలంగాణ బోనం కొన్నేళ్ళుగా దానితో జతకలిసింది. అదే కొండ మీద ఎర్రబట్టలు కట్టి చేసే భవానీ దీక్షా అంత పాతదేమీ కాదు, అయ్యప్ప దీక్షను పోలినట్టుగా మన కళ్ళ ముందే పెరిగింది. ఆచారమంటే అనాదిగా ఉన్నదేనని అనుకుంటాం గానీ, కొన్ని ఆచారాల పుట్టిన సంవత్సరం కూడా చెప్పవచ్చు.

నా పక్కన నడుస్తున్న సికింద్రాబాద్ ముసలమ్మ ఆ సంగతే చెప్పింది. 1813లో జంటనగరాల్లో మహమ్మారి ప్రబలినప్పుడు, ఉజ్జయినిలో ఉన్న సైనిక దళంలో డోలీ మోసే సూరిటి అప్పయ్య అక్కడి మహాకాళికి మొక్కుకున్నాడనీ, వ్యాధి తగ్గాక తిరిగివచ్చి 1815లో సికింద్రాబాద్‌లో అమ్మవారిని నిలిపాడనీ ఆ ఆలయ చరిత్ర. ఆమె దానిని నిన్న మొన్న తన వాడలో జరిగినట్టే చెప్పింది. "గత్తరొచ్చి ఇంటికిద్దరు పోయిన్రంట బిడ్డా. అప్పయ్య మొక్కిండు, తల్లి నిలబెట్టింది. గా మొక్కు అప్పయ్యదే గాదు, మా అందరిది" అంటూ చెంగుతో చెమట తుడుచుకుంది. అయితే బెజవాడ అమ్మకు బోనం ఎందుకని అడిగాను. ఆమె నడక ఆపకుండానే, "అమ్మ ఏడుంటే ఆడ మొక్కు దీర్చాలె గదా" అని, ముందున్న సారె పళ్ళేల వాళ్ళను దాటుకుంటూ తన జట్టును అందుకోవడానికి వడివడిగా వెళ్ళిపోయింది.