ముగింపు తెలిసినా మళ్లీ చదివించే కథలు

కిశోరవయస్కుల కోసం రాసిన అద్భుత కథల్లో చాలావాటి బలం తర్వాత ఏం జరుగుతుందన్న ఉత్కంఠలోనే ఉంటుంది కాబట్టి, అది తీరాక వాటిని మళ్లీ తెరవాలనిపించదు. నేను తిరిగి తిరిగి చదివే పుస్తకాలు వేరు. ముగింపు తెలిశాకనే వాటి తొలి అధ్యాయాలు పూర్తిగా అర్థమవుతాయి.

నా దృష్టిలో వాటన్నిటిలోనూ ముందుండేది ఉర్సులా కె. లె గ్విన్ రాయగా 1968లో వెలువడిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’. గాంట్ ద్వీపంలో మేకలు కాసిన గెడ్ అనే కుర్రవాడు మంత్రవిద్య నేర్చుకోవడానికి వెళ్లి, తోటి విద్యార్థి ముందు తన శక్తిని చాటుకోబోయి ఒక భయంకరమైన నీడను లోకంలోకి వదులుతాడు. గెడ్‌ది రాగిఛాయ, అతని ప్రాణమిత్రుడు నల్లనివాడు. ఆ కాలపు ఆంగ్ల అద్భుత కథల్లో ఇది అరుదైన విషయం. మొదటిసారి చదివినప్పుడు నేను పూర్తిగా గెడ్ పక్షమే వహించాను. వానను మళ్లించగలిగి కూడా దాని మానాన దాన్ని కురవనిచ్చి, ఒక చెట్టు కింద నిద్రపోయే గురువు ఒగియన్, తడిసి ముద్దయిన శిష్యుడికి లాగే నాకూ విసుగు పుట్టించాడు. ఒకచోట కురిపించిన వాన మరోచోట కరవు కావచ్చని రోక్ విద్యాలయంలో గెడ్ తర్వాత వినబోయే పాఠాన్ని, ఒగియన్ ఆ రాత్రే ఒక్క మాటైనా లేకుండా బోధించాడని మలి పఠనంలోనే గ్రహించాను.

లోయిస్ లోరీ 1993 నాటి నవల ‘ద గివర్’ను మళ్లీ చదవడానికి గుండెనిబ్బరం కావాలి. అందులో కథానాయకుడైన బాలుడు జోనస్ తండ్రి పసికందుల సంరక్షకుడు. సరిగా ఎదగని ఒక శిశువును ప్రత్యేకంగా ఇంటికి తెచ్చి సాకేంత దయగలవాడు. కవలల్లో తక్కువ బరువున్న బిడ్డను అదే మనిషి లాలిస్తూనే చంపేస్తాడని తెలిసిన పాఠకుడికి, మొదట్లో ఆ కుటుంబం ప్రశాంతంగా మాట్లాడుకునే ప్రతి సాయంత్రమూ భయం పుట్టిస్తుంది. మడలిన్ లెంగిల్ ‘ఎ రింకిల్ ఇన్ టైమ్’ (1962) నాకు అంతగా నిలవలేదు. ఇళ్ల ముందు పిల్లలందరూ ఒకే లయలో బంతులాడే కమజోట్స్ గ్రహం కోసం మాత్రం ఆ పుటలు తిరగేస్తాను.

ఎర్త్‌సీ వరుసలో రెండోదైన ‘ద టూంబ్స్ ఆఫ్ ఆటువాన్’ (1971) గురించి మరికొంత చెప్పాలి. పసితనంలోనే తల్లిదండ్రుల నుంచి వేరుచేసి, చీకటి దేవతలకు పూజారిణిగా పెంచిన టెనార్ కథ ఇది. చెర నుంచి బయటపడ్డాక ఆమె సంతోషించదు. వృథా అయిన సంవత్సరాల కోసం ఏడుస్తూ, స్వేచ్ఛ ఎంత బరువైనదో అప్పుడే తెలుసుకుంటుంది. ఆ బరువును టెనార్ ఎలా మోసిందో 1990లో వచ్చిన నాలుగో పుస్తకం ‘టెహాను’ చెబుతుంది. అందులో ఆమె ఒక రైతు వితంతువు, అయినవాళ్లే నిప్పుల్లోకి తోసిన చిన్నపిల్లను పెంచుతుంటుంది. గెడ్ శక్తులన్నీ కోల్పోయి గాంట్‌కు తిరిగి వస్తాడు. మూడో పుస్తకం తర్వాత దీనికోసం పాఠకులు 18 ఏళ్లు ఆగవలసి వచ్చింది. కొత్తగా మొదలుపెట్టేవారు కూడా మొదటి మూడూ చదివాక కొన్నేళ్లు ఆగి, అప్పుడు ‘టెహాను’ను అందుకుని, ఆ వెంటనే ‘ఆటువాన్’ను మళ్లీ చదవాలని నా కోరిక.