యువాన్‌ఝి పెంపకం: మూడో ఏట వేళ్లు తీశాను

బీజింగ్‌లో మా ఇంటి వెనక జానెడు పెరడు ఉంది. అక్కడ మూడేళ్లుగా కుండీల్లో పెంచుతున్న యువాన్‌ఝి వేళ్లను మొన్న అక్టోబరులో బయటికి తీశాను. మనసు కుదురుగా లేనప్పుడు, నిద్ర పట్టనప్పుడు, మతిమరుపు వచ్చినప్పుడు చైనా వైద్యులు వాడే వేరు ఇది. యువాన్ అంటే దూరం, ఝి అంటే సంకల్పం. శాస్త్రీయ నామం పాలిగాలా టెన్యుఫోలియా. షాన్‌షీ, షాన్‌క్సీ రాష్ట్రాల్లో పంటగా వేస్తారు. బీజింగ్ చుట్టూ ఉన్న ఎండు కొండల మీద దానంతటదే మొలుస్తుంది.

2022 ఏప్రిల్, మే

మొదట కొన్న విత్తనాలు పాతవి. నెల గడిచినా ఒక్కటీ మొలవలేదు. రెండోసారి హెబే రాష్ట్రంలోని ఆన్‌గువో మూలికల మార్కెట్ నుంచి తెప్పించాను. గింజ రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. నల్లగా ఉండి, ఒళ్లంతా తెల్లటి నూగు, ఒక కొసన పాలిపోయిన రంగులో చిన్న బుడిపె. పైపైన చల్లి వదిలేశాను. తెల్లారి చూస్తే చీమలు వరస కట్టి మోసుకుపోతున్నాయి! ఆ బుడిపె కోసమే వాటి ఆరాటం. అడవిలో ఈ జాతి గింజలు దూరం వెళ్లేది అలాగే. మిగిలిన అరవై గింజలను రాత్రంతా గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, సెంటీమీటరు లోతున నాటి, పైన సన్నటి జాలీ కప్పాను. మూడు వారాలకు పందొమ్మిది మొలిచాయి.

2023

మొదటి ఏడాది మొక్క జానెడు కూడా ఎదగలేదు. ఎదుగుదల అంతా మట్టి కిందే. అందుకే 40 సెంటీమీటర్ల లోతు కుండీలు తీసుకున్నాను. సగం ముతక ఇసుక, మిగతాది మట్టి, కొంచెం పశువుల ఎరువు. చలికాలం పైభాగం పూర్తిగా ఎండిపోయింది. కుండీలకు గోనెపట్టా చుట్టి బయటే ఉంచాను. ఏప్రిల్‌లో మళ్లీ చిగురు వేసింది.

జులై వానలు మాత్రం దెబ్బ కొట్టాయి. వారం రోజులు ఊళ్లో లేను. వచ్చేసరికి కుండీల్లో నీళ్లు నిలిచి చాలా వేళ్లు కుళ్లిపోయాయి. మిగిలినవి ఏడే. అప్పటినుంచి వాన ముసురు పడితే కుండీలు చూరు కిందికి జరుపుతున్నాను. రెండు కణుపుల దాకా వేలు గుచ్చి, తడి తగలకపోతేనే నీళ్లు పోస్తున్నాను.

2024 జూన్

మొదటిసారి నిండుగా పూసింది. దారపు పోగుల్లాంటి ఆకులు, వాటి పైన వంగిన వంకాయరంగు పూలు. కింది రెక్క కొసన కుచ్చు ఉంటుంది. దాన్ని చూడాలంటే మోకాళ్ల మీద కూర్చోవాల్సిందే.

పక్కింటి ఆయి (ఇక్కడ పెద్దావిడను అలా పిలుస్తాం) చెప్పిన కథ ఒకటి ఉంది. నాలుగో శతాబ్దంలో సేనాని హువాన్ వెన్‌కు ఎవరో ఈ మూలిక పంపారట. ఒకే మొక్కకు యువాన్‌ఝి, షియావ్‌త్సావ్ (చిన్న గడ్డి) అని రెండు పేర్లెందుకని ఆయన అడిగితే, హావో లోంగ్ అనే అధికారి, "దాగి ఉంటే దూర సంకల్పం, బయటపడితే గడ్డిపోచ" అన్నాడట. వేరుకు ఒక పేరు, ఆకుకు ఒక పేరు. ఏకాంతం వదిలి కొలువులో చేరిన షియే ఆన్ అక్కడే ఉన్నాడు. పాపం, ఆ మాట ఆయనకే తగిలింది.

2024 అక్టోబరు

చివరికి ఐదు మొక్కలు మిగిలాయి. కుండీని పక్కకు పడుకోబెట్టి, మట్టిని మెల్లగా విదిల్చి తీశాను. పెద్ద వేరు 18 సెంటీమీటర్లు, మందం పెన్సిల్‌కు కొంచెం తక్కువ. మొత్తం 22 గ్రాములు.

అసలు పని ఇక్కడుంది. రెండు రోజులు నీడన ఉంచితే తోలు వాడుతుంది. అప్పుడు రెండు అరచేతుల మధ్య పెట్టి, తాడు పేనినట్టు దొర్లించాలి. పై కండ లోపలి పుల్లను వదులుతుంది. కొస పట్టుకుని, కరివేపాకు రెమ్మ దూసినట్టు పుల్లను లాగాలి. తెగకుండా వస్తే మిగిలే గొట్టానికే ఎక్కువ విలువ. నాకు రెండు గొట్టాలుగా వచ్చాయి, మిగతావి చీలిపోయాయి. ఆరగా 6 గ్రాములు మిగిలింది. ఇక్కడి వైద్యులు రాసే రోజు మోతాదు 3 నుంచి 10 గ్రాములు. మూడేళ్ల పంట ఒక రోజు మందు! మందుల కొట్టులో ఈ వేరు కొనేటప్పుడు ఇకమీద బేరమాడను.

చిన్న పలుకు నోట్లో వేసుకున్నాను. ముందు చేదు, తర్వాత గొంతులో గరగర. పచ్చిగా వాడితే కడుపులో తిప్పుతుంది, అందుకే అతిమధురం కషాయంలో ఉడికించి ఆరబెడతారు. లెక్క వంద కిలోలకు ఆరు కిలోల అతిమధురం. నా వేళ్లకు చిటికెడు చాలింది. వైద్యుడు చూడకుండా నేనైతే తాగను. కడుపులో పుండు ఉన్నవాళ్లు, గర్భిణులు దీని జోలికి పోవద్దు.

అమ్మకు వీడియోలో చూపించి, దీన్ని షిచాంగ్‌పు అనే వేరుతో కలిపి ఇస్తారని, అది మన వసకు దగ్గరి చుట్టమని చెప్పాను. "ఏరా, చిన్నప్పుడు నీ నాలుక మీద నేను రాసిన వసేనా? అందుకే వస పిట్టలా వాగేవాడివి" అని మురిసిపోయింది.

కాయలు పండగానే రాలిపోతాయి కాబట్టి ఆగస్టులోనే కింద పాత పేపరు పరిచాను. ఎనభై గింజలు దొరికాయి. కాగితం పొట్లం కట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. పాతబడకముందే ఏప్రిల్‌లో నాటాలి, ఈసారి జాలీ మొదటి రోజునుంచే.